మానవ అడ్రినల్ కార్టెక్స్ కణాలను ల్యాబులో పెంచడం: నెల్లూరు నుంచి మొదలుపెట్టేవాళ్లకి

మా ల్యాబుకు ప్రాజెక్టు కోసం పిల్లలు కావలి నుంచి, గూడూరు నుంచి, కందుకూరు నుంచి వస్తుంటారు. మైక్రోస్కోపు కింద ఫ్లాస్కు పెట్టి "అక్కా, కణాలు బాగున్నాయి, అంటుకున్నాయి" అని సంతోషంగా చెప్తారు. నేను అడిగేది ఒకటే: "కార్టిసాల్ ఎంత వచ్చిందబ్బా?" ఈ కణాలు బతికుంటే సరిపోదు. హార్మోను తయారుచేసే పని మానేసిన అడ్రినల్ కణం పరిశోధనకు ఎందుకూ పనికిరాదు. అది చూడటానికి మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందుకే కింద చెప్పే ప్రతి పనీ ఆ హార్మోను నిలబడటం కోసమే అనుకుని చదవండి.

కిడ్నీల పైన ఒక్కోటీ నాలుగైదు గ్రాముల బరువుండే గ్రంథులు ఈ అడ్రినల్స్. లోపలి భాగం మెడుల్లా, అక్కడ అడ్రినలిన్ తయారవుతుంది. దాని చుట్టూ ఉండే మందపాటి పొర కార్టెక్స్, మన పనంతా దీంతోనే. కార్టెక్స్‌లో మళ్లీ మూడు అంతస్తులు. పైన గ్లోమెరులోసా, ఒంట్లో ఉప్పునీ రక్తపోటునీ చూసుకునే ఆల్డోస్టిరాన్ అక్కడ పుడుతుంది. మధ్యలో ఫాసిక్యులేటా, అది కార్టిసాల్ చేస్తుంది. అడుగున రెటిక్యులారిస్, అది డీహెచ్ఈఏ లాంటి ఆండ్రోజెన్లు (మగ హార్మోన్లు) చేస్తుంది. మూడింటికీ ముడిసరుకు కొలెస్టరాలే. స్టార్ అనే ప్రొటీన్ దాన్ని మైటోకాండ్రియా లోపలి పొరకు చేరుస్తుంది. ఆపైన సిప్11ఎ1తో మొదలై ఒక్కో ఎంజైమూ ఒక్కో మార్పు చేసుకుంటూ పోతుంది. కార్టిసాల్ చివరి మెట్టు సిప్11బి1ది, ఆల్డోస్టిరాన్ చివరి మెట్టు సిప్11బి2ది. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, ముందు ముందు వీటితో పనుంది.

ఏ కణాలు తెప్పించాలి

రెండు దారులున్నాయి. మొదటిది ప్రైమరీ కణాలు, అంటే మనిషి గ్రంథి నుంచి నేరుగా విడదీసి, గడ్డకట్టించి, వయల్‌లో (చిన్న సీసాలో) పంపేవి. ఇవి ఒంట్లో ఉన్న కణాలకు దగ్గరగా ప్రవర్తిస్తాయి. ఏసీటీహెచ్ (పిట్యూటరీ గ్రంథి నుంచి అడ్రినల్‌కు వచ్చే పిలుపు హార్మోను) ఇస్తే కార్టిసాల్ పెంచుతాయి. కానీ కొన్ని పాసేజీల తర్వాత (కణాలను కొత్త ఫ్లాస్కుకు మార్చిన ప్రతిసారీ ఒక పాసేజీ) ముసలివైపోతాయి. దాతకీ దాతకీ తేడా ఉంటుంది. ఖరీదూ ఎక్కువే.

రెండోది హెచ్295ఆర్ అనే కణశ్రేణి, అంటే ల్యాబులో మళ్లీ మళ్లీ పెంచుకోగల కణాలు. దీని మూలం ఎన్‌సీఐ-హెచ్295. 1980లో 48 ఏళ్ల మహిళ అడ్రినల్ కార్టెక్స్ కేన్సర్ గడ్డ నుంచి దాన్ని మొదలుపెట్టారు, 1990లో ప్రచురించారు. ఆ పాత శ్రేణి తేలుతూ, చాలా నెమ్మదిగా పెరిగేది. ఫ్లాస్కు అడుగుకు అంటుకుని త్వరగా పెరిగేలా ఎంచుకున్నదే హెచ్295ఆర్. ఇది మూడు అంతస్తుల హార్మోన్లనూ ఒక్క కణంలోనే చేస్తుంది. అదే దీని గొప్ప, అదే దీనితో చిక్కు కూడా. ఏసీటీహెచ్‌కు గ్రాహకాలు తక్కువ కాబట్టి ఆ హార్మోనుకు పెద్దగా స్పందించదు. దీన్ని ఏసీటీహెచ్ పరిశోధనకు తీసుకుని, స్పందన రాలేదని బాధపడేవాళ్లను చూశాను. వాళ్ల చేతిలో లోపం లేదు, ప్రశ్నకు తగిన కణాన్ని ఎంచుకోలేదంతే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మొదటిసారి చేసేవాళ్లు హెచ్295ఆర్‌తోనే చెయ్యి తిప్పుకోవాలి. ఏదైనా మందో, పురుగుమందో, నీటిలో కలిసిన రసాయనమో స్టిరాయిడ్ల తయారీని చెడగొడుతోందా అన్నది మీ ప్రశ్నయితే అసలు అదే సరైన కణం. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2011లో ప్రకటించిన 456వ నంబరు పరీక్షా విధానం ఈ కణాల మీదే నడుస్తుంది. మన వైపు వరిలో పాముపొడ తెగులుకు హెక్సాకోనజోల్ కొడతారు కదా. అది అజోల్ జాతి మందు. శిలీంధ్రంలో సిప్ కుటుంబానికి చెందిన ఒక ఎంజైమును అడ్డుకుని పనిచేస్తుంది. అడ్రినల్ ఎంజైముల్లో చాలా మటుకు అదే కుటుంబం. మన డెల్టాలో కూర్చుని అడగదగ్గ ప్రశ్న ఇంతకంటే ఏం కావాలి!

ప్రైమరీ కణాలైనా సరే, ఆసుపత్రి నుంచి గ్రంథి ముక్క తీసుకోవాలన్నా సరే, ముందు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చేతికి రావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదవకుండా దరఖాస్తు రాయకండి. దాత సమ్మతి లేని ముక్కను ఎవరు ఇస్తామన్నా తీసుకోవద్దు.

తెప్పించుకునేటప్పుడు

వయల్స్ డ్రై ఐస్‌లో వస్తాయి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు, అది కరిగి నీరు కాదు, నేరుగా గాలిలో కలిసిపోతుంది. నెల్లూరు పార్సిల్ మామూలుగా చెన్నైలోనో హైదరాబాదులోనో దిగి రోడ్డు మీద వస్తుంది. చెన్నై నుంచైతే సుమారు 175 కిలోమీటర్లు. నేను ఎప్పుడూ చెన్నై మార్గమే అడుగుతాను. శుక్రవారం బయల్దేరేలా ఆర్డరు ఒప్పుకోవద్దు, ఆదివారం పెట్టె ఎక్కడో గోడౌన్లో ఉండిపోతుంది. మే నెల వద్దు. అక్టోబరు, నవంబరు కూడా వీలైతే వద్దు, మనకు వానలన్నీ అప్పుడే. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే తెగి, రైలు పట్టాలు కొట్టుకుపోయి రాకపోకలే ఆగిపోయాయి. అలాంటి వారంలో మన పెట్టె దారిలో ఉంటే చేయగలిగింది ఏమీ లేదు. జనవరి, ఫిబ్రవరి మంచి కాలం.

పెట్టె రాగానే డ్రై ఐస్ ఇంకా మిగిలుందో లేదో చూసి ఫోటో తీయండి. వెంటనే పెంచకపోతే వయల్‌ను లిక్విడ్ నైట్రోజన్‌లోకి మార్చాలి. మైనస్ 80 ఫ్రీజరులో రోజుల తరబడి వదిలేస్తే కణాల బతుకు తగ్గిపోతుంది. ఇక లిక్విడ్ నైట్రోజన్ సంగతి. కొత్త ల్యాబు పెట్టేవాళ్లు దీనికి ఎక్కడెక్కడో వెతుకుతుంటారు. మన వైపు దాన్ని ఏళ్ల తరబడి వాడుతున్నది పశుసంవర్ధక శాఖవాళ్లు. ఒంగోలు గిత్తల వీర్యం స్ట్రాలను దాచేది అందులోనే. పశువుల ఆసుపత్రికి వెళ్లి, సరఫరా బండి ఎప్పుడు వస్తుందో, ఎవరు పంపుతారో వినయంగా అడగండి. డబ్బా ఎన్ని రోజులకు ఆవిరైపోతుందో, ఎండాకాలంలో ఎంత ముందుగా నింపాలో వాళ్లకున్న అనుభవం పుస్తకాల్లో దొరకదు. నైట్రోజన్ డబ్బాను కిటికీలు లేని చిన్న గదిలో పెట్టకండి. ఆవిరయ్యే నైట్రోజన్ గదిలో ఆక్సిజన్‌ను తగ్గించేస్తుంది, తెలిసేలోపే స్పృహ పోతుంది.

కరిగించి ఫ్లాస్కులో వెయ్యడం

ప్రైమరీ కణాలకు ముందురోజే ఫ్లాస్కు సిద్ధం చేసుకోవాలి. ఉత్త ప్లాస్టిక్‌కు ఇవి సరిగా అంటుకోవు. చదరపు సెంటీమీటరుకు 2 మైక్రోగ్రాముల లెక్కన పాలీ-ఎల్-లైసిన్ పూత పెడతాం. 75 చదరపు సెంటీమీటర్ల ఫ్లాస్కుకు 10 మిల్లీలీటర్ల స్టెరైల్ నీటిలో, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుండే స్టాకు (గాఢ ద్రావణం) 15 మైక్రోలీటర్లు కలిపితే సరిపోతుంది. రాత్రంతా 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో ఉంచి, పొద్దున స్టెరైల్ నీటితో రెండుసార్లు కడిగి మీడియా (కణాలకు ఆహారమయ్యే ద్రవం) పోసుకోండి. హెచ్295ఆర్‌కు ఈ పూత అక్కర్లేదు.

వయల్ తీసేటప్పుడు ముఖానికి షీల్డు, చేతికి మందపాటి గ్లౌజు తప్పనిసరి. ద్రవంలో మునిగి ఉన్న వయల్ లోపలికి నైట్రోజన్ దూరి ఉంటే వేడి తగలగానే పేలుతుంది. 37 డిగ్రీల వాటర్ బాత్‌లో మూత మునగకుండా పట్టుకుని మెల్లగా తిప్పండి. గోధుమ గింజంత మంచు మిగిలినప్పుడే బయటికి తీసి, 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి హుడ్‌లోకి (వడకట్టిన గాలి వీచే పని పెట్టెలోకి) తీసుకెళ్లాలి. మొత్తం నిమిషం, నిమిషంన్నర పని. కరిగాక డీఎంఎస్ఓ (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడటానికి కలిపే ద్రవం) కణాన్ని విషంలా కాల్చేస్తుంటుంది కాబట్టి ఆ క్షణం నుంచి ఫోను ఎత్తకండి, మాట్లాడటానికి ఆగకండి.

ఇక్కడ రెండు రకాల కణాలకూ పద్ధతి తేడా ఉంది. హెచ్295ఆర్‌ను 9 మిల్లీలీటర్ల మీడియాలోకి చుక్కచుక్కగా వదిలి, సెంట్రిఫ్యూజ్‌లో 125 జీ (భూమ్యాకర్షణకు 125 రెట్ల బలం) దగ్గర ఐదారు నిమిషాలు తిప్పి, పైనున్న ద్రవం తీసేసి కొత్త మీడియాలో కలుపుకోవచ్చు. ప్రైమరీ కణాలను మాత్రం సెంట్రిఫ్యూజ్ చేయవద్దని వాటితో వచ్చే కాగితం సాధారణంగా చెబుతుంది. అప్పుడే కరిగిన ఈ కణాలకు మిగిలిన డీఎంఎస్ఓ చేసే హాని కంటే ఆ తిప్పుడు చేసే హాని ఎక్కువ. నేరుగా ఫ్లాస్కులో వేసి, మర్నాడు మీడియా మార్చి డీఎంఎస్ఓనూ, చచ్చిన కణాలనూ తీసేయాలి. వయల్‌లో 5 లక్షల కణాలుంటే ఒక 75 ఫ్లాస్కుకు సరి. రెండు ఫ్లాస్కులకు పంచుదామని ఆశపడకండి. వరినారు మరీ ఎడంగా నాటితే ఖాళీల్లో కలుపు పట్టినట్టు, పలచగా వేసిన ప్రైమరీ కణాలు కుదురుకోవు, వాటి మధ్య ఖాళీలో ఫైబ్రోబ్లాస్టులు (గ్రంథిని పట్టి ఉంచే అల్లిక కణాలు) పెరిగి ఫ్లాస్కును ఆక్రమించేస్తాయి. ఫైబ్రోబ్లాస్టులు పొడుగ్గా, కండె ఆకారంలో, వరసలు తీరి ఉంటాయి. మనకు కావలసిన కణాలు కోణాలు తిరిగి, గుంపుగా, లోపల మెరిసే కొవ్వు బిందువులతో కనిపిస్తాయి. ఆ మెరుపే కొలెస్టరాల్ నిల్వ.

వేసిన మర్నాటి దాకా ఫ్లాస్కును కదపకండి. నేను ఇంక్యుబేటరు తలుపు మీద కాగితం అంటిస్తాను. మా అటెండర్ అన్న కూడా దాన్ని చూసి ట్రేలో నీళ్లు పొయ్యడం ఆ రోజుకు వాయిదా వేస్తాడు. ట్రేలో పొయ్యాల్సింది స్టెరైల్ డిస్టిల్డ్ వాటరే. కుళాయి నీళ్లు పోస్తే ట్రే అడుగున ఉప్పు పేరుకుంటుంది, వానాకాలంలో బూజు అక్కడి నుంచే మొదలవుతుంది. కరెంటు పోతే ఇంక్యుబేటర్ తలుపు తెరవకుండా ఉంటే లోపలి వేడి చాలాసేపు నిలుస్తుంది. తెరిచి చూడాలన్న తొందరను ఆపుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

మీడియా

హెచ్295ఆర్‌కు వాడేది డీఎంఈఎం, ఎఫ్12 అనే రెండు మీడియాలు సగం సగం. దానికి ఐటీఎస్ ప్లస్ అనే మిశ్రమం, 2.5 శాతం న్యూ-సీరం చేరుస్తాం. ఐటీఎస్‌లో ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం ఉంటాయి. సెలీనియం చిటికెడు కూడా ఉండదు, అయినా అది లేకపోతే కుదరదు. స్టిరాయిడ్ చేసే క్రమంలో మైటోకాండ్రియా నుంచి చురుకైన ఆక్సిజన్ రూపాలు కారుతుంటాయి, వాటిని అణిచే ఎంజైములకు సెలీనియం కావాలి. అడ్రినల్‌లో విటమిన్ సి అంతగా నిండి ఉండటం కూడా ఊరికే కాదు. సెంట్ జార్జి 1928లో ఆ విటమిన్‌ను వేరుచేసింది ఎద్దు అడ్రినల్ గ్రంథుల నుంచే.

మీడియా కొనేటప్పుడు అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది: అందులో హైడ్రోకార్టిసోన్ ఉండకూడదు. వేరే రకాల కణాలకు అమ్మే చాలా మీడియాల్లో అది కలిపి ఉంటుంది. హైడ్రోకార్టిసోన్, కార్టిసాల్ ఒకే అణువు. అది కలిసిన మీడియాలో మీరు కొలిచే కార్టిసాల్ కణానిదో సీసాదో ఎవరూ చెప్పలేరు. సీరంలోనూ సొంత స్టిరాయిడ్లు ఉంటాయి. కాబట్టి ప్రతి కొత్త సీరం బ్యాచికీ, కణాలు లేని ఉత్త మీడియాను కొలిచి ఆ అంకెను రాసిపెట్టుకోండి.

వారానికి రెండు మూడు సార్లు మీడియా మార్చాలి. ఫ్లాస్కు 75, 80 శాతం నిండగానే స్ప్లిట్ చేయండి (కణాలను లేపి కొత్త ఫ్లాస్కులకు పంచండి), పూర్తిగా నిండేదాకా ఆగవద్దు. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడిగి, కణాలను అడుగు నుంచి ఊడదీసే ట్రిప్సిన్ వేసి, కణాలు గుండ్రంగా లేచాయో లేదో మైక్రోస్కోపులో చూస్తూ ఉండండి. గడియారం చూసి కాదు, కణాన్ని చూసి ట్రిప్సిన్ ఆపాలి. లెక్కకు ట్రిపాన్ బ్లూ, చచ్చిన కణాలకే పట్టే రంగు: లెక్కపెట్టే గాజు పలక నాలుగు మూల గడుల్లో బతికున్నవి మొత్తం 120 వస్తే సగటు 30, రంగుతో సగానికి సగం కలిపాం కాబట్టి రెట్టింపు 60, దాన్ని పదివేలతో గుణిస్తే మిల్లీలీటరుకు 6 లక్షలు.

పాసేజి నంబరు ఫ్లాస్కు మీద రాయకుండా ఉంటే ఇంతకాలం చేసిన పని బూడిదలో పోసిన పన్నీరే. ప్రైమరీ కణాలను పాసేజి చేసిన కొద్దీ సిప్11బి1 లాంటి చివరి ఎంజైములు తగ్గుతూ వస్తాయి. కణం పెరుగుతూనే ఉంటుంది, కార్టిసాల్ మాత్రం పడిపోతుంది. అందుకే వీటితో ప్రయోగం వీలైనంత తొలి పాసేజీల్లోనే ముగించాలి. హెచ్295ఆర్‌కు 456వ విధానం చెప్పే క్రమం వేరు. తెచ్చిన కణాలను ఐదు పాసేజీలు పెంచి గడ్డకట్టించి దాచుకోవాలి, ఆ నిల్వ నుంచి తీసినవి మరో నాలుగు పాసేజీలు దాటాకే పరీక్షకు వాడాలి, పదో పాసేజీ తర్వాత ఆపేయాలి.

హార్మోను వస్తోందా

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. స్టిరాయిడ్ హార్మోన్లను కణం సంచుల్లో దాచుకోదు. తయారైనది తయారైనట్టే పొర దాటి మీడియాలోకి వచ్చేస్తుంది. కాబట్టి మనం కొలవాల్సింది మీడియాను, గడియారం మొదలయ్యేది కొత్త మీడియా పోసిన నిమిషం నుంచి. 24 గదుల ప్లేటులో ఒక్కో గదికి మిల్లీలీటరు మీడియాలో 2 నుంచి 3 లక్షల హెచ్295ఆర్ కణాలు వేసి, 24 గంటలు అంటుకోనిచ్చి, తర్వాత పరీక్షించే మందు కలిపిన మీడియాకు మార్చి 48 గంటలు ఉంచండి. మందును డీఎంఎస్ఓలో కరిగించి ఉంటే అది చివరికి 0.1 శాతం దాటకూడదు, మందు లేని గదుల్లోనూ అంతే డీఎంఎస్ఓ ఉండాలి.

ప్రతి ప్లేటులోనూ రెండు సాక్ష్యాలు పెట్టండి. ఒకటి ఫోర్స్కోలిన్ 10 మైక్రోమోలార్. అది కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి హార్మోను తయారీని లేపుతుంది. రెండోది ప్రోక్లోరాజ్ 1 మైక్రోమోలార్. అదీ అజోల్ శిలీంధ్రనాశినే, తయారీని అణుస్తుంది. ఫోర్స్కోలిన్‌కు పెరగని, ప్రోక్లోరాజ్‌కు తగ్గని కణాల మీద మీ మందు ఫలితం ఏదొచ్చినా నమ్మకండి. ఆల్డోస్టిరాన్ చూడాలనుకుంటే ఆంజియోటెన్సిన్-2 అనే హార్మోను గానీ, మీడియాలో పొటాషియం పెంచడం గానీ వాడాలి. ప్రైమరీ కణాలకైతే ఏసీటీహెచ్ అసలైన పరీక్ష.

ఏసీటీహెచ్ మీద నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, మా మేనత్త కోవూరులో మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పొట్లాలు ఏళ్ల తరబడి మింగింది. అందులో స్టిరాయిడ్ కలిసిందని తెలియదు. నొప్పి తగ్గిందని ఒక్కసారిగా మానేసింది. వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, చివరికి ఆసుపత్రి. బయటి నుంచి స్టిరాయిడ్ వస్తుంటే పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం మానేస్తుంది, పిలుపు లేని ఫాసిక్యులేటా కణాలు కుంచించుకుపోతాయి. మందు ఆపిన రోజున అవి వెంటనే లేవలేవు. సమయానికి హైడ్రోకార్టిసోన్ ఇచ్చారు కాబట్టి అత్త మనకు దక్కింది. ఫ్లాస్కులో కణం ఏసీటీహెచ్‌కు బదులివ్వడం చూసినప్పుడల్లా ఆ సంగతి నా మనసులో ఉంటుంది.

ఎలైజాతో (యాంటీబాడీతో కొలిచే పరీక్షతో) కార్టిసాల్ కొలిచేవాళ్లు కిట్టులోని కాగితంలో క్రాస్ రియాక్టివిటీ పట్టిక తప్పక చదవండి, ఆ యాంటీబాడీ వేరే ఏ అణువులకు అంటుకుంటుందో అందులో ఉంటుంది. మెటిరపోన్ అనే మందుతో సిప్11బి1ను ఆపినప్పుడు కార్టిసాల్ తగ్గి, దాని ముందు మెట్టయిన 11-డీఆక్సీకార్టిసాల్ పేరుకుంటుంది. కిట్టులోని యాంటీబాడీ ఆ రెంటినీ సరిగా వేరుచేయలేకపోతే మందు పనిచేయలేదని పొరపడతాం. అవకాశం ఉంటే ఎల్‌సీ-ఎంఎస్‌లో (అణువులను విడదీసి వాటి బరువుతో గుర్తించే యంత్రంలో) కొలిపించండి, ఒకే నమూనాలో చాలా స్టిరాయిడ్లు విడివిడిగా తెలుస్తాయి. నమూనా తీశాక అదే ప్లేటు మీద ఎంటీటీ పరీక్ష చేసి కణాలు బతికున్నాయని చూడాలి. కణాలు చచ్చి హార్మోను తగ్గితే దాన్ని అణచివేత అనకూడదు. వచ్చిన అంకెను గదిలోని ప్రొటీన్‌తోనో కణాల సంఖ్యతోనో భాగించి రాయండి.

అన్నీ బాగానే ఉండి హార్మోను మాత్రం పడిపోతుంటే మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియాను అనుమానించండి. అది మీడియాను మురికి చేయదు, మామూలు మైక్రోస్కోపులో కనబడదు. దానికి కణగోడ లేదు కాబట్టి పెన్సిలిన్‌కు చావదు. పీసీఆర్ పెట్టి చూడాలి. ఉంటే ఆ ఫ్లాస్కును పారేయడమే మేలు, మందులు పెట్టి కాపాడుకున్న కణాల ఫలితాల మీద నాకు నమ్మకం లేదు. కొత్తగా వచ్చిన కణశ్రేణికి ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ (అది నిజంగా ఆ శ్రేణేనా అని డీఎన్ఏతో తేల్చే పరీక్ష) కూడా చేయించి పెట్టుకోండి. పూణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) లాంటి చోట్ల చేస్తారు.

దాచుకోవడం, పారేయడం

తొలి పాసేజీల్లోనే కొన్ని వయల్స్ దాచండి. పది లక్షలకు తగ్గకుండా కణాలు, 10 శాతం డీఎంఎస్ఓ, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లారే ఐసోప్రొపనాల్ డబ్బా. రాత్రికి మైనస్ 80లో ఉంచి, మర్నాడు నైట్రోజన్‌లోకి మార్చాలి. వారం తర్వాత ఒక వయల్ కరిగించి, పెరుగుదలతో పాటు ఫోర్స్కోలిన్ స్పందన కూడా చూసుకున్నాకే మిగతావి నిల్వగా లెక్కపెట్టండి.

దాతకు హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు నెగటివ్ అని కాగితంలో ఉన్నా మనిషి కణం మనిషి కణమే. బయోసేఫ్టీ రెండో స్థాయి జాగ్రత్తలు పాటించాలి, హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోకుండా హుడ్ దగ్గర కూర్చోకూడదు. మీడియాను హైపోక్లోరైట్‌లో నానబెట్టాకే పారబోయాలి, ఫ్లాస్కులూ పిపెట్టులూ ఆటోక్లేవ్ అయ్యాక నియమాలు చెప్పిన రంగు సంచిలోకి, సూదులు తెల్ల డబ్బాలోకి. సంచి మీద తేదీ, ల్యాబు పేరు రాసి, బయోమెడికల్ వ్యర్థాల బండివాళ్లు వచ్చినప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టించుకోండి.